ఫోను కింద పెట్టేసినా ఆ ముఖం పోవడం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఆగ్మెంటెడ్ రియాలిటీ కళ్లజోళ్ల గురించి రాశారు. రోడ్డు మీద నడుస్తుంటే ఎటు తిరగాలో బాణాలు కళ్ల ముందే కనిపిస్తాయని, ఎదుటి మనిషి వేరే భాషలో మాట్లాడితే తెలుగు అక్షరాలు అక్కడే వచ్చేస్తాయని, అంతా రాబోయే కాలం సంగతిలాగా ఉంది ఆ వ్యాసం. చదివాక మీకు ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆ టెక్నాలజీ ఎప్పుడో రావడం కాదండీ, మా పాలకొల్లులో పదో తరగతి పిల్లల చేతుల్లోకి వచ్చి ఎన్నో ఏళ్లయింది. పిల్లలు దాన్ని ఆ పేరుతో పిలవరు, ఫిల్టర్ అంటారు, అంతే తేడా. ఉన్నదాని మీద లేనిదాన్ని అతికించి రెండూ ఒకటే అన్నట్టు చూపించడమే కదా ఈ ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే. మరి ఆ అతికించేది రోడ్డు మీద బాణం కాకుండా, పదహారేళ్ల పిల్ల ముఖం మీద ఇంకో ముఖం అయితే ఏమవుతుందో ఆ వ్యాసంలో ఒక్క లైను కూడా లేదు. నేను రోజూ చూస్తున్నది అదే.

నాది ఫొటో స్టూడియో. మా నాన్నగారు పెట్టారు, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను, కెమెరా పట్టి ముప్పై ఏళ్లు దాటింది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఇలా చుట్టుపక్కల ఊళ్లతో కలిపి ఎంతమంది ముఖాలు నా కంప్యూటర్లో ఉన్నాయో లెక్కలేదు. నేను సైకాలజీ చదువుకోలేదు కానీ, తన ఫొటో చూసుకున్నప్పుడు మనిషి ముఖంలో ఏం జరుగుతుందో బాగా తెలుసు, ఎందుకంటే ఆ క్షణంలో ఎదురుగా ఉండేది నేనే. ఈ ఐదారేళ్లలో అది పూర్తిగా మారిపోయింది.

ఈ మధ్య ఎంట్రన్స్ పరీక్షల అప్లికేషన్ల సీజన్లో ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి వాళ్లమ్మగారితో వచ్చింది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించమ్మా అని రెండు ఫొటోలు తీసి కంప్యూటర్లో చూపించాను. ఆ పిల్ల కాసేపు చూసి, "అంకుల్, ఇది నేను కాదు" అంది. సరదాగా అనలేదు. ముక్కు ఇంత లావుగా వచ్చిందేంటి, బుగ్గ మీద ఈ మచ్చలేంటి, ఇంత నల్లగా రావడమేంటి అని వరసగా అడిగి, ఫోను తీసి ఇంకో ఫొటో చూపించింది. "నేను ఇలా ఉంటాను, ఇలా చేసివ్వండి" అంది. ఆ ఫొటోలో కళ్లు పెద్దవి, ముక్కు సన్నం, గడ్డం కోసుగా ఉంది, చర్మం మీద మచ్చ కాదు కదా చిన్న గీత కూడా లేదు. ఎదురుగా కూర్చున్న పిల్లకీ ఆ ఫొటోకీ నుదుటి మీద బొట్టు ఒక్కటే కలిసింది.

హాల్ టికెట్ మీద ఆ ఫొటో ఉంటే పరీక్ష దగ్గర ఆపేస్తారమ్మా అన్నాను. ఏమీ మాట్లాడలేదు, కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మగారు నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో కూడా ఇదేనండీ గొడవ. చుట్టాలొస్తే గదిలోంచి బయటికి రాదు. వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటారు, వీడియో కాల్ చేస్తే కెమెరా ఆపేసి మాట్లాడుతుంది. ఫిల్టర్ పెట్టుకోనిస్తేనే కనిపిస్తుంది. కూతురి ముఖం చూసి ఎన్ని నెలలైందో అని ఆయన ఒకటే బాధ" అని చెప్పారు. సంపాదకుల వారూ, ఈ మాట విన్నాక నాకు ఆ పూట అన్నం సహించలేదు. కన్న తండ్రికి కూడా చూపించుకోలేనంత తప్పు ఆ పిల్ల ముఖంలో ఏముందండీ? చక్కటి పిల్ల. నవ్వితే నిజంగా లక్ష్మీకళ.

మా వృత్తి సంగతి కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఫొటోలో ముఖం దిద్దడం ఫోన్లతో మొదలవలేదు. మా నాన్నగారి రోజుల్లో వెనక నుంచి వెలుతురు పడేలా నెగెటివ్‌ని నిలబెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలూ కంటి కింద నలుపూ పోయేలా దిద్దేవారు. తర్వాత ఫొటోషాప్ వచ్చింది. పెళ్లికూతుళ్ల రంగు నేనూ పెంచాను, అడిగినవాళ్లకి పెంచాను, అడగనివాళ్లకీ పెంచాను. అందులో నా తప్పు నాకుంది, ఇప్పుడు మానేశాను. కానీ అప్పటిదీ ఇప్పటిదీ ఒకటేనని వాదించేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. అప్పట్లో ఫొటో అనేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో దిగేది, వారం తర్వాత చేతికొచ్చేది, దాన్ని స్టూడియోవాళ్లు టచప్ చేస్తారని ఇంటిల్లిపాదికీ తెలుసు. "ఫొటోలో బాగా పడ్డావే" అనుకునేవాళ్లు తప్ప, నేను ఇలాగే ఉంటాను అని ఎవరూ అనుకోలేదు. రోజూ పొద్దున్నే చూసుకునేది మటుకు అద్దంలోనే.

ఇప్పుడు మారింది ఆ అద్దం. మా స్టూడియోలో గోడకి ఒక అద్దం, దాని కింద బల్ల మీద దువ్వెన, పౌడరు డబ్బా ఉంటాయి, నాన్నగారి కాలం నుంచీ అక్కడే ఉన్నాయి. ఫొటోకి వచ్చినవాళ్లు ముందు ఆ అద్దం దగ్గరికే వెళ్లేవారు. ఇప్పుడు వచ్చే పిల్లలు దాని వంక కూడా చూడరు, ఫోను తీసి ముందు కెమెరాలో చూసుకుని జుట్టు సర్దుకుంటారు. ఆ కెమెరాలో ఫిల్టర్ ఆన్‌లో ఉంటుంది. అంటే ఆ పిల్లకి తన ముఖం ఎలా ఉంటుందో చెప్తున్నది దిద్దిన అద్దం. నవ్వితే అదీ నవ్వుతుంది, తల తిప్పితే అదీ తిప్పుతుంది, కనురెప్ప వేస్తే వేస్తుంది. టచప్ చేసిన ఫొటోకి ఈ బలం లేదు. కదలకుండా ఉన్న బొమ్మని బొమ్మ అనుకుంటాం, మనతో పాటు కదిలే దాన్ని చూస్తే ఎవరికైనా నేనే అనిపిస్తుంది. రోజుకి యాభైసార్లు ఆ ముఖం చూసి, ఎప్పుడో ఒకసారి స్టూడియోలో అసలు ముఖం చూస్తే, ఏది కొత్తగా కనబడుతుంది చెప్పండి?

ఇది ఎలా పనిచేస్తుందో పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను. కెమెరా ముందు ముఖం కనిపించగానే ఫోను దాని మీద వందల చుక్కలు గుర్తుపెట్టుకుంటుంది. గూగుల్ వాళ్ల ఒక టూల్‌లో ఆ చుక్కలు 468. ఆ చుక్కల్ని కలిపితే ముఖానికి వల వేసినట్టు ఉంటుంది. ఇక ఆ వలని ఎక్కడ లాగితే అక్కడ ముఖం సాగుతుంది, ముక్కు పక్కల లోపలికి, దవడ పైకి, కళ్లు బయటికి. మీద చర్మాన్ని నున్నగా చేసి రంగు పెంచుతారు. ఇదంతా సెకనులో పదుల సార్లు జరుగుతుంది కాబట్టి కంటికి దొరకదు. స్నాప్‌చాట్ 2015లో ఇలాంటివి తెచ్చిన కొత్తలో కుక్క చెవులు, ఇంద్రధనుస్సు కక్కే నోరు, అన్నీ నవ్వులాటే, అబద్ధమని చూడగానే తెలిసేది. చెయ్యి ముఖానికి అడ్డం పెడితే ఫిల్టర్ జారిపోయేది. 2023లో టిక్‌టాక్‌లో బోల్డ్ గ్లామర్ అని ఒకటి వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టినా కదల్లేదు. టిక్‌టాక్ మన దేశంలో 2020 జూన్ నుంచి లేదు, నిజమే, కానీ ఆ తరహా ఫిల్టర్లు మనవాళ్ల ఫోన్లలో లేవని ఎవరైనా అనగలరా?

దీనికి తోడు కెమెరా పనితీరులో రెండు విషయాలున్నాయి, ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవాల్సినవి. ఒకటి, ముందు కెమెరా మనల్ని అద్దంలోలాగా కుడి ఎడమలు తిప్పి చూపిస్తుంది. మనం పుట్టినప్పటి నుంచీ చూసుకున్నది ఆ తిప్పిన ముఖమే, అందుకే స్టూడియో ఫొటోలో పాపిడి అవతలి పక్కకి వెళ్లి ఏదో తేడాగా అనిపిస్తుంది. ఎవరి ముఖం వాళ్లకి అద్దంలోదే నచ్చుతుందని, స్నేహితులకి మాత్రం తిప్పని ముఖమే నచ్చుతుందని అమెరికాలో 1977లోనే పరీక్ష చేసి తేల్చారు. రెండోది ఇంకా ముఖ్యం. మేం పోర్ట్రెయిట్ తీసేటప్పుడు ఐదారు అడుగుల దూరంలో నిలబడతాం. సెల్ఫీ అడుగు దూరంలో తీస్తారు. అంత దగ్గర పెడితే కెమెరాకి ముందున్న ముక్కు పెద్దదిగా, వెనకున్న చెవులు చిన్నవిగా పడతాయి. అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ డాక్టర్లు 2018లో దీన్ని లెక్కగట్టారు, ఐదు అడుగుల నుంచి తీసిన దానితో పోలిస్తే 12 అంగుళాల నుంచి తీసినప్పుడు ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. అంటే ఫోను మొదట పిల్లకి లేని లోపాన్ని చూపిస్తుంది, తర్వాత దాన్ని పోగొట్టే ఫిల్టర్ ఇస్తుంది. రెండు చోట్లా ఆ పిల్ల అసలు ముక్కు లేదు.

ఇక నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటి చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెరెమీ బెయిలెన్సన్ అనే ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు 218 మందితో ఈ ఆగ్మెంటెడ్ రియాలిటీ కళ్లజోళ్ల మీద పరీక్షలు చేసి 2019లో ప్రచురించారు. గదిలో రెండు కుర్చీలు, కళ్లజోడు పెట్టుకుంటే ఒక కుర్చీలో ఒక బొమ్మ మనిషి కూర్చున్నట్టు కనిపిస్తుంది. అక్కడ ఎవరూ లేరని అందరికీ తెలుసు. వచ్చి కూర్చోమంటే కళ్లజోడు పెట్టుకున్న ఏ ఒక్కరూ ఆ కుర్చీలో కూర్చోలేదు, అందరూ పక్క కుర్చీలోకే వెళ్లారు. ఇందులో పెద్ద వింత లేదు. కొందరిని కళ్లజోడు తీసేసి కూర్చోమన్నారు, అప్పుడు ఎదురుగా ఉన్నది ఉత్త ఖాళీ కుర్చీ. అయినా వాళ్లలో 72 శాతం మంది దాన్ని వదిలేసి పక్కదాంట్లోనే కూర్చున్నారు! ఇంకో పరీక్షలో ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నప్పుడు, కళ్లజోడు పెట్టుకున్న మనిషికి ఎదుటి మనిషితో దగ్గరితనం తగ్గినట్టు అనిపించిందట.

ఆ ఖాళీ కుర్చీ గురించి చదివినప్పుడు నాకు మా స్టూడియోలో స్టూలు మీద కూర్చున్న పిల్లే గుర్తొచ్చింది. ఫోను బ్యాగులో పెట్టేసినా ఆ సన్న ముక్కు, ఆ తెల్ల ముఖం దాని కళ్ల ముందు నుంచి పోలేదు. ఒక్కసారి చూసిన బొమ్మ మనిషే కుర్చీలోంచి లేవకపోతే, మూడు నాలుగేళ్లు రోజూ చూసిన ముఖం ఎలా లేస్తుంది? పెద్దవాళ్లు "అదంతా ఉత్తదే అని దానికి తెలీదా ఏంటండీ" అంటున్నారు. తెలుసండీ. కుర్చీ ఖాళీ అని వాళ్లకీ తెలుసు.

దీని మీద డాక్టర్లు ఎప్పుడో హెచ్చరించారు. పూర్వం ప్లాస్టిక్ సర్జరీకి వచ్చేవాళ్లు సినిమా తారల ఫొటోలు పట్టుకొచ్చి ఇలా చేయమనేవారట, తర్వాత తమ ఫొటోలే ఫిల్టర్ వేసి పట్టుకొచ్చి ఇలా చేయమనడం మొదలుపెట్టారు. దీనికి స్నాప్‌చాట్ డిస్మార్ఫియా అని పేరు కూడా వచ్చింది, 2018లో బోస్టన్ డాక్టర్లు మెడికల్ జర్నల్‌లో రాశారు. అంతకు ముందు ఏడాది, 2017లో, అమెరికాలో ముఖానికి ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టర్ల సంఘం తన సభ్యుల్ని అడిగితే, సెల్ఫీల్లో బాగా కనబడాలని వచ్చే పేషెంట్లు ఉన్నారని 55 శాతం మంది చెప్పారు. నిజానికి లేని లోపం ఉందనుకుని కుమిలిపోయే జబ్బు ఫోన్లకంటే చాలా పాతది, ఇటలీ డాక్టర్ మోర్సెల్లి 1891లోనే దానికి పేరు పెట్టాడు. ఇప్పుడు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటున్నారు, సుమారు నూటికి ఇద్దరికి ఉంటుందని అంచనా, ఎక్కువగా మొదలయ్యేది పన్నెండు పదమూడేళ్ల నుంచి పదహారు పదిహేడేళ్ల మధ్యలో. సరిగ్గా మనం పిల్లల చేతికి ఫోను ఇచ్చే వయసు. ఫిల్టర్ వాడిన ప్రతి పిల్లకీ ఈ జబ్బు వస్తుందని నేను అనడం లేదు, అలా అనడం తప్పు. అసలే మనసు ఆ వైపు జారుతున్న పిల్లని అది ఇంకాస్త తోస్తుంది. ఆపరేషన్ చేయించుకున్నా చాలామందికి తృప్తి ఉండదని, కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, ఇవే పనిచేస్తాయని డాక్టర్లు చెప్తున్నారు.

అంతా ఫోను మీదకే తోసేస్తే మనం తప్పించుకున్నట్టే అవుతుంది. పాలకొల్లు పిల్లకి తెల్లటి రంగు కావాలని ఫిల్టర్ నేర్పలేదు. పుట్టిన రోజున మంచం పక్కన నిలబడి "రంగు కాస్త తక్కువే" అన్నది మనం. ఎండలో ఆడుకుంటే నల్లబడిపోతావే అన్నది మనం. "కళైన ముఖమే కానీ చామనఛాయ" అని ఆ 'కానీ' దగ్గర గీత గీసింది మనం. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీగా మారింది, పేరయితే మారింది. ఫిల్టర్ చేసిందల్లా మనం చిన్నప్పటి నుంచి పిల్ల చెవిలో పోసిన మాటని దాని కంటికి చూపించడం. చెవిలో పడ్డప్పుడు బాధ ఉండేది, ఇప్పుడు కొలత కూడా ఉంది, ఎంత ముక్కు తగ్గాలో, ఎంత రంగు పెరగాలో.

పెళ్లి సంబంధాల దగ్గర ఇది ఎంతవరకూ వెళ్లిందో మా స్టూడియోకి వచ్చేవాళ్లు చెప్తుంటే విని తట్టుకోలేకపోతున్నాను. మాకు తెలిసిన ఒకాయన కూతురి ఫొటో వాట్సాప్‌లో పంపారు, ఆ అమ్మాయే ఫోనులో తీసుకున్నది. అబ్బాయి అమెరికాలో, రెండుసార్లు వీడియో కాల్ కూడా అయింది, అందులోనూ ఫిల్టర్. పెళ్లిచూపులకి అబ్బాయి తల్లిదండ్రులు వచ్చి, టిఫిన్లు తినేసి, అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉండగానే "ఫొటోలో అమ్మాయి ఈ అమ్మాయేనా అండీ?" అని అడిగారట. ఆ తండ్రి తర్వాతి రోజు నా దగ్గరికి వచ్చి, ఈసారి మంచి ఫొటో తీయండి, కొంచెం తెల్లగా రావాలి అన్నారు. నేను ఉన్నదున్నట్టు తీస్తానండీ అంటే వేరే స్టూడియోకి వెళ్లిపోయారు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయన భయం ఆయనది. కానీ ఆ మాట ఆ పిల్ల చెవిన పడింది చూడండి, అది ఎప్పటికి పోతుంది?

మగపిల్లలకి ఇది లేదనుకోకండి. దవడ చెక్కినట్టు ఉండాలి, గడ్డం ఒత్తుగా ఉండాలి అని గ్రాడ్యుయేషన్ ఫొటోలకి వచ్చిన కుర్రాళ్లు అడుగుతున్నారు, కాకపోతే వాళ్లు బయటికి ఏడవరు.

మీరు రాసిన కళ్లజోళ్ల గురించి కూడా ఒక మాట. గూగుల్ గ్లాస్ 2013లో 1,500 డాలర్లకి అమ్మారు, ఎదుటివాళ్లకి తెలియకుండా వీడియో తీస్తున్నారని జనం మండిపడ్డారు, 2015లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు. ఇప్పుడు ఫేస్‌బుక్ వాళ్ల మెటా కంపెనీ కెమెరా కళ్లజోళ్లు వచ్చాయి, 2025 మేలో మన దేశంలో 29,900 రూపాయల నుంచి అమ్మకం మొదలుపెట్టారు. చూడటానికి మామూలు నల్లద్దాలే. వీడియో తీస్తుంటే చిన్న లైటు వెలుగుతుంది, కానీ పెళ్లి పందిట్లో సీరియల్ లైట్ల మధ్య ఆ లైటు ఎవరికి కనబడుతుంది? నేను పెద్ద కెమెరా భుజాన వేసుకుని నిలబడితే ఆడవాళ్లు చూసి పైట సర్దుకుంటారు, వద్దంటే వద్దని చెప్తారు, నేను ఆగుతాను. కళ్లజోడుకి ఆ మాట ఎవరు చెప్తారు? 2024లో అమెరికాలో ఇద్దరు హార్వర్డ్ విద్యార్థులు ఇలాంటి కళ్లజోడుతోనే దారిన పోయేవాళ్ల ముఖం చూసి, పేరూ వివరాలూ ఫోనులోకి తెప్పించి చూపించారు, ప్రమాదం ఎంతుందో జనానికి తెలియాలని. దీని మీద ఎవరైనా తెలిసినవాళ్లతో వేరే వ్యాసం రాయించండి.

2016లో పోకెమాన్ గో వచ్చినప్పుడు గుర్తుందా, కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని వీధుల్లో లేని బొమ్మల కోసం తిరిగారు. ఆ ఆటలో గుళ్ల దగ్గర గుడ్లు కనిపిస్తున్నాయని, భక్తుల మనసు నొచ్చుకుంటుందని గుజరాత్ హైకోర్టులో పిల్ వేశారు, కోర్టు నోటీసులు కూడా ఇచ్చింది. పోలండ్‌లో ఆష్విట్జ్ మ్యూజియం వాళ్లు, హిట్లర్ మనుషులు లక్షల మందిని చంపిన చోట ఈ ఆట ఆడొద్దని అడ్డుకున్నారు. గుడి మీద ఫోను ఏదో అతికిస్తే తప్పని కోర్టుదాకా వెళ్లగలిగినవాళ్లం, మన పిల్లల ముఖం మీద అతికిస్తుంటే ఊరుకున్నాం. నాకు దీనికి జవాబు దొరకడం లేదు.

చేయడానికి ఏమీ లేదా అంటే, చాలా ఉంది. నార్వేలో 2021లో చట్టం చేశారు, ప్రకటనలో మనిషి ముఖాన్నో శరీరాన్నో దిద్దితే దిద్దామని ఫొటో మీదే రాయాలి. ఫ్రాన్స్‌లో 2023లో సోషల్ మీడియాలో డబ్బు తీసుకుని ప్రచారం చేసేవాళ్లకి ఇదే నిబంధన పెట్టారు. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ 2021లో, క్రీముల ప్రచారానికి ఫిల్టర్ వేసిన ముఖం చూపించి మోసం చేయొద్దంది. గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో ముఖం దిద్దే ఆప్షన్ ముందే ఆన్ చేసి ఇవ్వడం 2020లో మానేసింది, దానికి బ్యూటీ అనే మాట కూడా వాడకూడదని చెప్పింది. ఇది చిన్న విషయం కాదు. ఫోను కొనగానే కెమెరా ఓపెన్ చేస్తే అసలు ముఖం కనబడాలి, దిద్దిన ముఖం కావాలనుకున్నవాళ్లు వెతుక్కుని ఆన్ చేసుకోవాలి. మన దేశంలో అమ్మే ప్రతి ఫోనుకీ ఈ ఒక్క షరతు పెట్టమని ప్రభుత్వాన్ని అడగడం అంత గొంతెమ్మ కోరికేం కాదు. 2023లో మనం చేసుకున్న డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు పిల్లల క్షేమానికి హాని కలిగేలా వాళ్ల సమాచారం వాడకూడదని ఉంది. ముఖం మీద వందల చుక్కలు పెట్టి కొలవడం ఆ పిల్ల సమాచారం వాడడం కాదా? లాయర్లు, మహిళా సంఘాలవాళ్లు ఎవరైనా దీన్ని పట్టుకోవాలి.

ఈ టెక్నాలజీ అంటే నాకు కోపం లేదు. స్పెయిన్‌లో బొద్దింకలంటే వణికిపోయేవాళ్లకి ఈ కళ్లజోడులో చేతి మీద బొద్దింక పాకినట్టు చూపించి, మెల్లమెల్లగా ఆ భయం పోగొట్టే వైద్యం 2005 నాటికే చేశారు. కంటితో చూసింది మనసులో నిలబడిపోతుంది కాబట్టే ఆ వైద్యం పనిచేసింది. మంచి డాక్టరు చేతిలో ఉంటే అంత మేలు చేసేది, పిల్ల గదిలో తలుపేసుకుని రాత్రి పన్నెండింటికి ఒక్కతే కూర్చున్నప్పుడు ఏం చేస్తుందో మనం పట్టించుకోవాలి కదా.

ఇళ్లల్లో ఉన్న అమ్మానాన్నలకి నేను చెప్పుకునేది ఇంతే. పిల్ల ఫోను లాక్కోకండి, అరవకండి, దాని వల్ల తలుపు ఇంకా గట్టిగా వేసుకుంటుంది. రంగు గురించి, ముక్కు గురించి ఇంట్లో మాట్లాడడం మానేయండి, చుట్టాలు మాట్లాడితే అక్కడే ఆపండి. మీ పిల్ల గంటల తరబడి అద్దం ముందు ఉండిపోతున్నా, అసలు అద్దమే చూడకపోయినా, కాలేజీకి వెళ్లనంటున్నా, తిండి తగ్గించేసినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెంటనే వెళ్లలేకపోతే టెలీ మానస్ నెంబరు 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. కువైట్‌లో ఉన్న ఆ తండ్రిలాంటివాళ్లు మన గోదావరి జిల్లాల్లో ఎంతమందో ఉన్నారు, వాళ్లు ఫోన్ చేసినప్పుడు "ఇంత చిక్కిపోయావేంటి, నల్లబడ్డావేంటి" అనడం మానేసినా చాలు. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు.

ఆ అమ్మాయి నెల తర్వాత మళ్లీ వచ్చింది, స్టాంపు సైజు కాపీలు కావాలని, ఈసారి ఒక్కతే. అప్పటికి ఇవన్నీ చదివి ఉన్నాను కాబట్టి, రెండు నిమిషాలు కూర్చోమ్మా అన్నాను. దాని ఫోనుతోనే ఫిల్టర్ తీసేసి చెయ్యి చాపినంత దూరంలో ఒక ఫొటో తీయమన్నాను. తర్వాత ఆరు అడుగులు వెనక్కి వచ్చి నా కెమెరాతో ఒకటి తీశాను. రెండూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, కళ్ల మధ్య దూరం రెండింట్లోనూ సమానంగా వచ్చేలా సరిచేసి, ముక్కు వెడల్పు మీద గీతలు గీసి చూపించాను. చాలాసేపు చూసింది. ఒక గీత దగ్గర వేలు పెట్టి ఇంకో గీత దాకా జరిపింది. తర్వాత ఫిల్టర్ ఫొటో కూడా పక్కన పెట్టమంది, పెట్టాను.

"అంకుల్, మా ఫ్రెండ్స్‌కి నేను ఈ మూడింట్లో ఎలా కనిపిస్తాను?" అని అడిగింది.

ఆరు అడుగుల నుంచి తీసింది చూపించి, ఇలాగేనమ్మా, మీ నాన్నగారికి కూడా ఇలాగే అన్నాను. ఏమీ అనలేదు. ఆ ఒక్క ఫొటో నా వాట్సాప్‌కి పంపండి అంకుల్ అంది, పంపాను. వాళ్ల నాన్నకి పంపిందో లేదో నేను అడగలేదు.

దానికి పట్టింది పావుగంట. పాలకొల్లు, భీమవరం, నరసాపురం, తణుకు, ఈ చుట్టుపక్కల ఏ స్కూలువాళ్లు, ఏ జూనియర్ కాలేజీవాళ్లు పిలిచినా నా కెమెరా, కొలత టేపు పట్టుకుని వచ్చి పిల్లలకి ఇదే చూపిస్తాను, రూపాయి అక్కర్లేదు. ఈ ఉత్తరం వేస్తే ఆ సంగతి మాత్రం తీసేయకుండా వేయండి.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా